29 రోజులు, 999 అరఠావులు, ఒక తమ్ముడు

నవంబరు వస్తోందంటే మా స్నేహితుల్లో ఎవరో ఒకరికి నవల పూనకం వస్తుంది. ముప్పై రోజుల్లో 50,000 మాటలు, అంటే రోజుకి 1,667 మాటల నవల రాయాలి. రెండేళ్ళ కిందట ఆ పూనకం నాకూ వచ్చింది. మొదటి వారం గాల్లో తేలిపోయాను. ఆఫీసు నుంచి రాగానే కంప్యూటరు ముందు కూర్చోవడం, అన్నం కూడా అక్కడికే తెప్పించుకోవడం, అబ్బో! పదకొండో రోజుకి నా కథానాయకుడు బెజవాడ బస్టాండులో బస్సు దిగి నిలబడ్డాడు. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నాడు, పాపం.

"మోటివేషన్ పోయింది" అని అందరికీ చెప్పుకుని తిరిగాను. మా నాన్నకి చెప్తే మాత్రం పేపరు మీంచి తల కూడా ఎత్తకుండా, "విశ్వనాథ వారు వేయిపడగలు ఇరవై తొమ్మిది రోజుల్లో చెప్పేశారు. నువ్వు ఒక్క మనిషిని బస్టాండు దాటించలేకపోయావు" అన్నాడు.

ఒళ్ళు మండింది. కానీ ఆ మాట బుర్రలో ఉండిపోయింది. నిజంగానే ఎలా రాశాడాయన? మేధావి కాబట్టి రాశాడు, అంటే కథ అక్కడితో అయిపోతుంది. మనలాంటి వాళ్ళకి అందులో పనికొచ్చేది ఏమీ ఉండదు. అందుకని మేధావి అన్న మాట కాసేపు పక్కన పెట్టి, ఆ నెల రోజుల పని ఎలా జరిగి ఉంటుందో చూద్దాం అనుకున్నాను. చూస్తే నేను ఇన్నాళ్ళూ తప్పు చోట వెతుకుతున్నానని అర్థమైంది. ఆ సంగతే ఇక్కడ చెప్పబోయేది.

ముందు తెలిసిన సంగతులు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెట్టింది. (ఈ విశ్వవిద్యాలయం 1926లో పుట్టినప్పుడు ముఖ్య కార్యాలయం మన బెజవాడలోనే ఉండేది, 1930లో వాల్తేరు వెళ్ళింది.) ఆ పోటీకి విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు పంపారు. బహుమతి ఆయనకీ, నారాయణరావు రాసిన అడవి బాపిరాజుగారికీ చెరిసగం వచ్చింది. విశ్వనాథ నవలని తన చేత్తో రాయలేదు. ఆయన ఆశువుగా చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారు. 29 రోజుల్లో 999 అరఠావులు అయిందని సాహిత్యం గురించి మాట్లాడేవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. తర్వాత ఆంధ్రపత్రిక వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. 1968లో పి.వి. నరసింహారావుగారు సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారు.

నాకు లెక్కల జబ్బుంది. 999ని 29తో భాగిస్తే రోజుకి ముప్పై నాలుగు అరఠావుల పైమాటే. అరఠావుకి 150 మాటలే పట్టాయి అని తక్కువగా వేసుకున్నా రోజుకి ఐదు వేల మాటలు దాటుతాయి. కలం పాళీ సిరాలో ముంచుకుంటూ, ఒత్తులూ గుణింతాలూ దిద్దుకుంటూ తెలుగు రాసేవాడు నిమిషానికి పదిహేను మాటలు రాస్తాడనుకుందాం. అంటే దాదాపు ఆరు గంటలు, తల ఎత్తకుండా! అదీ ఒక రోజు కాదు, ఇరవై తొమ్మిది రోజులు వరసగా. ఇదంతా నా అంచనా లెక్కే, అటూ ఇటూ ఎంత సర్దినా ఒక విషయం మాత్రం మారదు. ఆ నెలలో శరీరశ్రమ అంతా తమ్ముడిది.

వేయిపడగలు గురించి మాట్లాడేవాళ్ళు "29 రోజుల్లో చెప్పాడు" అని ఆశ్చర్యపోతారు. "29 రోజులు రాశాడు" అని ఎవరూ ఆశ్చర్యపోరు. నేనూ అంతకుముందు పోలేదు లెండి.

ఇక్కడ ఒక చిన్న పిడకల వేట. తెలుగు నవల మొదట్నుంచీ గడువులూ పోటీల మధ్యే పెరిగింది. కందుకూరి వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రం 1878లో పత్రికలో భాగాలుగా వచ్చింది. ఆ తర్వాత 1890లలో చింతామణి పత్రిక నవలలకి పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నవలాకారుడు అయ్యింది ఆ పోటీల వల్లే. రామచంద్ర విజయంకి 1894లో అలా బహుమతి వచ్చింది. చిలకమర్తి వారికి చిన్నప్పట్నుంచీ చూపు సరిగ్గా లేదు, తర్వాత పూర్తిగా పోయింది. కాబట్టి ఆయన కూడా చెప్పి రాయించుకున్నవాడే. ఆ తర్వాత విజ్ఞాన చంద్రికా మండలి వారు చారిత్రక నవలలకి పోటీలు పెట్టారు. అంటే 1934 నాటికి 'ఫలానా తారీఖులోపు నవల పంపండి' అనేది తెలుగు రచయితకి కొత్త సంగతి కాదు. గడువుకి రాయడం అంటే కళని అవమానించడం అనుకునే శుద్ధవాదులకి ఈ చరిత్ర కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

అసలు విషయానికొద్దాం. చెప్పి రాయించడం అంటే ఏమిటి?

విశ్వనాథ బందరు హైస్కూల్లో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి శిష్యుడు. తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన ఆ చెళ్ళపిళ్ళ వారే. ఆయనా దివాకర్ల తిరుపతిశాస్త్రిగారూ కలిసి ఊరూరా అవధానాలు చేసి, పద్యాన్ని పండితుల ఇళ్ళలోంచి జనం మధ్యకి తీసుకొచ్చినవాళ్ళు. శతావధానంలో నూరుమంది ప్రశ్న వేసేవాళ్ళు కూర్చుంటారు. మొదటి విడతలో ఒక్కొక్కరికీ పద్యంలో మొదటి పాదం చెప్పాలి. నూరుమందీ అయ్యాక మళ్ళీ మొదటి మనిషి దగ్గరికి వచ్చి రెండో పాదం. ఇలా నాలుగు విడతలు. చివర్న అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి, దాన్నే ధారణ అంటారు. అవధాని కాగితం ముట్టుకోడు.

ఈ వాతావరణంలో పెరిగినవాడికి నోటితో చెప్పడమే రాయడం. ఎదురుగా మనిషి ఉండాలి, వింటూ ఉండాలి, తర్వాతి పాదం కోసం ఎదురుచూడాలి. అవధాని "ఇవాళ నాకు మూడ్ లేదండీ" అనడు, అనలేడు. పృచ్ఛకుడు కళ్ళెదుట కూర్చుని ఉన్నాడు కదా! నేను గదిలో తలుపేసుకుని, ఖాళీ తెర ముందు ఒంటరిగా కూర్చుని దేనికోసం వెతికానో అది అవధానికి అసలు అవసరమే లేదు. ఎదుటి మనిషి నిరీక్షణే అతన్ని నడిపిస్తుంది.

తమ్ముడు కలం పట్టుకుని కూర్చున్నాడంటే అన్నగారికి అదే జరిగి ఉంటుంది అనిపిస్తుంది నాకు. ఆయన ఆగితే తమ్ముడి కలం ఆగుతుంది. ఆ ఆగడం ఇద్దరికీ కనబడుతుంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన సంగతే. పెయిర్ ప్రోగ్రామింగ్‌లో ఒకరు టైప్ చేస్తుంటే ఇంకొకరు దారి చెబుతారు. ఒక్కడే ఉన్నప్పుడు పది నిమిషాలకోసారి క్రికెట్ స్కోరు చూసేవాడు కూడా పక్కన మనిషి ఉంటే రెండు గంటలు కదలడు. అందులో గొప్ప మనస్తత్వశాస్త్రం ఏమీ లేదు, మొహమాటం అంతే. మొహమాటానికి చాలా శక్తి ఉంది.

ఇలాంటిదే ఇంకో కథ, చాలా దూరంది. దాస్తోయెవ్‌స్కీ 1865లో అప్పుల్లో మునిగి స్తెల్లోవ్‌స్కీ అనే ప్రచురణకర్తతో ఒక ఘోరమైన ఒప్పందం చేసుకున్నాడు. 1866 నవంబరు 1 లోపు కొత్త నవల ఇవ్వాలి. ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళ పాటు ఈయన రాసేదంతా పైసా ఇవ్వకుండా వాడు అచ్చేసుకోవచ్చు! అక్టోబరు వచ్చేదాకా ఒక్క పేజీ లేదు. అప్పుడు స్నేహితుల సలహా మీద షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్న ఇరవై ఏళ్ళ అమ్మాయిని పనికి పెట్టుకున్నాడు. పేరు అన్నా గ్రిగోర్యెవ్నా స్నిత్కినా. ఆయన పగలు చెప్పేవాడు, ఆ అమ్మాయి రాత్రి ఇంటికి వెళ్ళి దాన్ని మామూలు రాతలోకి ఎత్తి రాసేది. 26 రోజుల్లో జూదరి నవల అయిపోయింది. గడువు రోజుకి ప్రచురణకర్త కావాలనే ఊళ్ళో లేకుండా పోతే, రాతప్రతిని పోలీసు ఠాణాలో అప్పజెప్పి రసీదు తీసుకున్నారట. మరుసటి ఏడాది ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

అన్నా తన జ్ఞాపకాల్లో ఒక చిన్న సంగతి చెబుతుంది. ఆయన రోజూ అడిగేవాడట, నిన్న ఎన్ని పేజీలయ్యాయి, మొత్తం ఎన్నయ్యాయి, గడువుకి అందుకుంటామా అని. దొంతర పెరిగే కొద్దీ ఆయన ముఖం తేటపడేదట. ప్రపంచం నెత్తిన పెట్టుకునే రచయితకి కూడా ఉత్సాహం ఎక్కణ్ణించి వచ్చిందంటే, పెరుగుతున్న కాగితాల దొంతర నుంచి! ఉత్సాహం ఉంటే పని జరుగుతుందని మనం అనుకుంటాం. అక్కడ పని జరగడం చూసి ఉత్సాహం వచ్చింది. ఆ దొంతర పెంచింది మాత్రం రాత్రిళ్ళు కూర్చున్న ఆ అమ్మాయి.

సరే, ఎదురుగా మనిషీ గడువూ ఉంటే ఎవడైనా వేయిపడగలు చెప్పేస్తాడా? చెప్పలేడు. ఇక్కడే మన డెల్టా గుర్తుకు రావాలి.

నవంబరులో కృష్ణా డెల్టాలో ఏం జరుగుతుంది? వరి కోతకొస్తుంది. గుడివాడ వైపు వెళ్తే దారి పొడుగునా పచ్చబడిన చేలు. కోత పని రోజుల్లో అయిపోతుంది. ఇప్పుడైతే మిషన్లు వచ్చి గంటల్లోకి దిగింది. ఎందుకంత తొందర? అదే నెలలో తుపాన్లు కూడా వస్తాయి కాబట్టి. 1977 నవంబరు 19ని దివిసీమ ఇంకా మర్చిపోలేదు. పండిన చేను ముందు నిలబడి "ఇవాళ కోయాలని అనిపించడం లేదు" అనే రైతుని నేను చూడలేదు. కానీ ఆ కొద్ది రోజుల కోత వెనక దుక్కి ఉంది, కాలవ నీళ్ళు వదిలేదాకా ఎదురుచూపు ఉంది, నెల పాటు నారుమడి ఉంది, నాట్లున్నాయి, కలుపులున్నాయి. అయిదు నెలల కాలం ఉంది. కోత ఒక్కటే చూసినవాడు "ఎంత తొందరగా పండించారు!" అంటే నవ్వుతారు.

విశ్వనాథకి ఆ 29 రోజులు కోత. మరి విత్తింది ఎప్పుడు?

ఆయన 1895లో నందమూరులో పుట్టారు, ఇప్పటి ఉంగుటూరు మండలంలో. తండ్రి శోభనాద్రిగారు కాశీ నుంచి లింగం తెచ్చి ఊళ్ళో గుడి కట్టించినాయన. చేతికి ఎముక లేని దాత. దానాలతోనే ఆస్తి కరిగిపోయి, కొడుకు పెద్దయ్యే నాటికి ఇంట్లో పేదరికం మిగిలింది. ఆ ఊళ్ళో రకరకాల జనం, పండగలు, కథలు చెప్పేవాళ్ళు, పాడేవాళ్ళు. ఇవన్నీ కళ్ళారా చూసి, తర్వాత అవి ఒక్కొక్కటే పోతుంటే కూడా చూసినవాడు. 1921లో సహాయ నిరాకరణ పిలుపుకి కాలేజీ మానేశాడు. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పాడు. కిన్నెరసాని పాటలు రాశాడు, ఏకవీర రాశాడు. భార్య వరలక్ష్మమ్మగారు పోయారు, ఆ దుఃఖంలోంచి వరలక్ష్మీ త్రిశతి వచ్చింది. వేయిపడగలు నాటికి ఆయనకి ఇంకా నలభై నిండలేదు గానీ, నలభై ఏళ్ళ సరుకు లోపల పండి ఉంది.

నవల తెలిసినవాళ్ళకి నేను ఏమంటున్నానో ఈపాటికి తట్టే ఉంటుంది. సుబ్బన్నపేట అనే ఊరు. ఊరిని కాచే వేయి పడగల సుబ్రహ్మణ్యేశ్వరుడు. వేణుగోపాలస్వామి గుడి, జమీందారు కోట, దేవదాసి గిరిక, గణాచారి, వాళ్ళందరి మధ్యా ధర్మారావు, అతని భార్య అరుంధతి. కాలం మారే కొద్దీ పడగలు ఒక్కొక్కటే పోతూ చివరికి రెండు మిగులుతాయి. ఆస్తి పోయిన ఇంటి కొడుకు, చదువుకున్నవాడు, భార్యని పోగొట్టుకున్నవాడు, పాత ఊరు కూలిపోతుంటే పక్కన నిలబడి చూసినవాడు. ఈ ధర్మారావుని సృష్టించడానికి ఆయన 1934లో కొత్తగా కూర్చుని ఆలోచించక్కర్లేదు. నోరు తెరవడమే తరువాయి.

నా కథానాయకుడి సంగతి చూడండి. వాడు బస్టాండులో ఎందుకు దిగాడో, ఎవరింటికి వెళ్ళాలో, సంచీలో ఏం తెచ్చాడో నాకే తెలీదు. నారు పోయకుండా కొడవలి పట్టుకుని చేలోకి దిగాను. మోటివేషన్ పోవడం కాదు అది. కోయడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక ఏమాటకామాటే చెప్పుకోవాలి. నెల రోజుల్లో చెప్పిన నవల నెల రోజుల్లో చెప్పిన నవలలాగే ఉంటుంది. వేయిపడగలులో కథ ఆగిపోయి పాత్రలు పేజీలకు పేజీలు ఉపన్యాసాలు చెప్పే చోట్లున్నాయి. సంగీతం, విద్య, రాజకీయం, పెళ్ళి, అన్నిటి మీదా ఆయనకి అభిప్రాయాలున్నాయి, అన్నీ ధర్మారావు నోటంట వస్తాయి. చెబుతూ పోయేవాడికి వెనక్కి తిరిగి చూసే అవకాశం తక్కువ. రాసేవాడు కొట్టేసే వాక్యం చెప్పేవాడి నోట్లోంచి వచ్చేసి ఉంటుంది. ఇక ఆ నవల వెనక ఉన్న వర్ణవ్యవస్థ మీద మమకారం నాకు మింగుడుపడదు. పోయిన పడగల్లో కొన్ని పోవడమే మంచిదైంది అని నా అభిప్రాయం. కాలవలొచ్చి, చదువొచ్చి, ఓటొచ్చి ఆ ఊళ్ళో తల ఎత్తుకుని నడవగలిగిన వాళ్ళ వైపు నుంచి చూస్తే సుబ్బన్నపేట కథ ఇంకోలా ఉంటుంది. ఆ నవలని కూడా ఎవరో ఒకరు పూర్తిగా రాయాలి, నెలలోనో పదేళ్ళలోనో.

అయినా ఒక సంగతి ఒప్పుకుంటాను. చేతిలో ఉన్నది జారిపోతోందన్న ఆత్రం ఆ పుస్తకంలో మొదటి నుంచి చివరిదాకా ఉంది. ఆ ఆత్రానికి నెల రోజుల వేగం అతికినట్టు సరిపోయింది. అదే కథని పదేళ్ళు చెక్కితే ఇంకా నున్నగా వచ్చేదేమో గానీ ఆ ఊపిరి ఉండేది కాదు.

వేగమే గొప్ప అనుకోకుండా ఉండటానికి ఇంకో సంగతి. అదే మనిషి రామాయణ కల్పవృక్షం పూర్తిచేయడానికి దాదాపు మూడు దశాబ్దాలు తీసుకున్నాడు. 1938 నుంచి ఇరవై ఏళ్ళ పాటు బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో పాఠాలు చెబుతూ, నవలల మీద నవలలు చెబుతూ, మధ్యలో ఆ పద్యాలు రాస్తూ వచ్చాడు. 1970 జ్ఞానపీఠం, తెలుగుకి వచ్చిన మొట్టమొదటిది, వచ్చింది ఆ కల్పవృక్షానికే. 29 రోజుల పుస్తకం జనంలో నిలిచింది, ముప్పై ఏళ్ళ పుస్తకం పీఠం ఎక్కింది. ఒకే మనిషికి రెండు గడియారాలున్నాయి. ఏ పనికి ఏ గడియారమో ఆయనకి తెలుసు.

ఈ నెల రోజుల నవల పందెం అమెరికాలో 1999 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే ఆయన, ఇంకో ఇరవై మంది స్నేహితులు కలిసి మొదలెట్టారు. మరుసటి ఏడాది నుంచి నవంబరుకి మార్చారు. తర్వాత తర్వాత లక్షల మంది చేరారు, అదొక సంస్థ అయింది. డబ్బు ఇబ్బందులు, వివాదాలు ముదిరి 2025 మార్చి ఆఖరున మూసేస్తున్నామని ప్రకటించారు. సంస్థ పోయినా అలవాటు పోలేదు, మా స్నేహితులే సాక్ష్యం. మొదటి ఏడాది అక్కడ జరిగిందేమిటంటే ఇరవై ఒక్క మంది కాఫీ హోటళ్ళలో ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని రాశారు. గడువు ఉంది, లెక్క ఉంది, ఎదురుగా మనిషున్నాడు. నందమూరు వాళ్ళకి తెలియని రహస్యం ఏమీ లేదు అందులో!

ఒక్క లెక్క మాత్రం మనకి సరిపడదు. ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది తెలుగులో ఒక్క మాట. "వెళ్ళలేకపోతున్నానేమోనని" అన్నది చూడండి, మాటల లెక్కలో అది ఒకటే. ఇంగ్లీషు కొలతతో తెలుగువాడు 1,667 మాటలు రాయాలంటే నడుం విరుగుతుంది, పదకొండో రోజుకి చేతులెత్తేస్తాడు. (ఇందులో నా సమర్థింపు కూడా కొంత ఉందనుకోండి.) మనకి అరఠావుల లెక్కే మంచిది. రోజుకి ఇన్ని పేజీలు, దొంతర కళ్ళకి కనపడాలి.

చెప్పొచ్చేదేమంటే, "ఉత్సాహం నిలుపుకోవడం ఎలా?" అన్న ప్రశ్నే కొంచెం పక్కకి ఉంది. విశ్వనాథ గానీ దాస్తోయెవ్‌స్కీ గానీ ఉత్సాహాన్ని నిలుపుకోలేదు. దాని అవసరం తక్కువ పడేలా పని కుదిరింది వాళ్ళకి. ఒకరికి పోటీ తారీఖు, ఇంకొకరికి మెడ మీద కత్తి. ఇద్దరికీ ఎదురుగా కలం పట్టుకున్న మనిషి. రోజూ పెరిగే కాగితాలు. అన్నిటికంటే ముందు, ఏళ్ళ తరబడి లోపల పండిన చేను. ఈ నాలుగిట్లో మొదటి మూడూ నెల ముందు ఏర్పాటు చేసుకోవచ్చు. నాలుగోది డబ్బిచ్చినా దొరకదు, బతికి సంపాదించాలి.

ఎదురుగా మనిషి అన్నది తేలికైన షరతు అనుకోవద్దు. నెల రోజులు తన పనులు మానుకుని మన మాటలు వినే మనిషి అందరికీ ఉండరు. ఆ మనిషి ఇంట్లో ఆడవాళ్ళో తమ్ముడో చెల్లెలో అయి ఉంటారు, వాళ్ళ శ్రమకి లెక్క ఉండదు. అన్నా గ్రిగోర్యెవ్నాకి కనీసం జీతం మాట్లాడుకున్నారు, తర్వాత ఆవిడ తన జ్ఞాపకాలు తనే రాసుకుంది కూడా. వెంకటేశ్వర్లుగారి పేరు వేయిపడగలు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒక్క వాక్యంలో వస్తుంది, వెంటనే వెళ్ళిపోతుంది. ఆ నెలలో ఆయన చేతివేళ్ళు ఎలా ఉండేవో, రాస్తూ రాస్తూ ఎక్కడైనా నవ్వారో, అరుంధతి పోయిన చోట కలం ఆగిందో లేదో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. వేయిపడగలుకి మొట్టమొదటి పాఠకుడు ఆయనే కదా.

ఈసారి నవంబరుకి నేను ముందుగానే కొన్ని పనులు చేశాను. జూన్ నుంచీ ఒక నోట్‌బుక్‌లో మా ఊరి సంగతులు రాసుకుంటున్నాను. కాలవ గట్టు, రైసు మిల్లు, అద్దె పుస్తకాల షాపు, ఎవరు ఎప్పుడు ఊరొదిలి వెళ్ళారు. కథ లేదు, ఊరికే సంగతులు. మా చెల్లెలు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ఆ రోజు రాసింది చదివించుకుని వింటానంది. "రాయకపోతే ఏం చదువుతావో నేనూ చూస్తాను" అని కూడా అంది. బదులుగా దాని కూతురికి లెక్కలు చెప్పాలి. ఈ శ్రమకి జీతం ఉండాలి అని దానికి ముందే తెలుసు, మంచిదే.

బస్టాండులో నిలబడ్డవాడు ఎవరింటికి వచ్చాడో ఆ నోట్‌బుక్‌లో నలభయ్యో పేజీ దగ్గర తెలిసింది. సంచీలో ఏముందో ఇంకా తెలీదు.